నేను ఆపని గట్టిమేళం

ఆ రోజుల్లో మా బందరులో ఒక కుర్రాడు చేతికందకుండా పోయాడని తేల్చడానికి పెద్దవాళ్ళకి ఎక్కువ ఆధారాలు అక్కర్లేదు. జుట్టు చెవుల మీదికి దిగాలి, ఇంట్లో కరెంటుతో వాయించే వస్తువు ఒకటి ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. పైగా డిగ్రీలో ఒక సబ్జెక్టు కూడా మిగిలి ఉంది. ఇప్పటి నా బట్టతల చూసినవాళ్ళు మొదటిదాన్ని నమ్మరుగానీ, తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను జేబులో దువ్వెన లేకుండా వీధిలోకి దిగినవాణ్ణి కాదు. పెళ్ళిళ్ళలోనూ కాలేజీ వార్షికోత్సవాల్లోనూ పాటలు పాడే ఒక చిన్న ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. అది చాలదన్నట్టు ఒక డ్రమ్ మెషీన్ కూడా కొన్నాను. మద్రాసులో రికార్డింగు స్టూడియోల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి, విసుగొచ్చి ఊరికి తిరిగొచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని నాకు అంటగట్టాడు. రెండరచేతుల మీద పట్టేంత నల్లటి పెట్టె. పైన వరసగా రబ్బరు బటన్లు. ఒకటి నొక్కితే డ్రమ్ము, ఒకటి నొక్కితే తాళం, ఇంకోటి నొక్కితే చప్పట్లు. ఒక్కసారి వరస నేర్పితే చాలు, అలుపూ సొలుపూ లేకుండా, కాఫీ అడక్కుండా అదే వాయిస్తూ ఉంటుంది. మా అమ్మ దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి మరీ ఇంట్లోకి రానిచ్చింది. (ఆ కుంకుమ బటన్ల సందులోకి జారి, తాళం వారం రోజులు మోగలేదు. అమ్మకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.)

పెట్టె వచ్చాక కష్టాలు మొదలయ్యాయి. నా కీబోర్డులో బేస్ గిటారు లాంటి తోడు వాద్యాలు వాటంతటవే మోగే సదుపాయం ఉండేది. వాటికి పెట్టెలోని డ్రమ్ములు తోడైతే నలుగురు మనుషులు వాయించినట్టుంటుందని నా ఆశ. రెండింటి మీదా వేగం నిమిషానికి నూట ఇరవై దెబ్బలని అంకెల్లో పెట్టి, రెండు చేతుల్తో రెండు బటన్లూ ఒకేసారి నొక్కేవాణ్ణి. పల్లవి దాకా బాగానే కలిసి నడిచేవి. మొదటి చరణంలో కాస్త ఎడం వచ్చేది. రెండో చరణానికి పెట్టె ముందూ కీబోర్డు వెనకా, పోట్లాడుకుని బజారు నుంచి ఇంటికొస్తున్న మొగుడూపెళ్ళాల్లా నడిచేవి. రెండూ నూట ఇరవై అనే చెప్పేవి, రెండూ నిజమే చెప్పేవి, అయినా కలిసేవి కావు. గోడ గడియారమూ చేతి గడియారమూ ఒకే టైముకి పెట్టినా పండగ నాటికి నిమిషం తేడా వచ్చినట్టే ఇదీ అని తెలియడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

అది తెలియజెప్పినవాడు రేడియో బావ. (నాకు ఆయన ఏ వరసా కాడు. కోనేరు సెంటరు దగ్గర రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన్ని ఊళ్ళో సగంమంది బావ అనేవాళ్ళు, మిగతా సగంమంది అప్పటికి ఇంకా టేపురికార్డరు కొనలేదు.) ఆయన పెట్టెనీ కీబోర్డునీ తిరగేసి, రెండింటికీ వెనక అయిదేసి చిల్లుల గుండ్రటి కన్నాలు ఉన్నాయని చూపించాడు. ఈ రెండు కన్నాలకీ మధ్య ఒక వైరు వేస్తే, కీబోర్డు తన లెక్కని వైరు మీదుగా పెట్టెకి చెప్తుందట, పెట్టె దాని వెంట నడుస్తుందట. అలాంటి వైరు బందరులో దొరకదు కాబట్టి, ఒక పాత టేపురికార్డరు వైరు కొసలు కోసి, వాటిని మూడుసార్లు తప్పుగానూ నాలుగోసారి ఒప్పుగానూ అతికాడు. తర్వాత పెట్టెలో ఒక మార్పు చెయ్యాలన్నాడు. ఆ పెట్టెకి రెండు రకాల బుద్ధులున్నాయి. ఇంటర్నల్‌లో పెడితే తన లెక్క తనది. ఎక్స్‌టర్నల్‌లో పెడితే ఇల్లరికపు అల్లుడే. తనంతట తాను లేవదు, కూర్చోదు, మనం దాని ఏ బటన్ నొక్కినా పలకదు, కీబోర్డు లెమ్మంటే లేస్తుంది. ఎక్స్‌టర్నల్‌లో పెట్టాం. ఇక కీబోర్డు మీద సింక్ స్టార్ట్ అని మరో బటన్ ఉంది. అది నొక్కి ఉంచితే, మనం ఏ మెట్టు మీద వేలు పెట్టినా ఆ క్షణాన్నే లయ అందుకుంటుంది. అదీ నొక్కాం. నేను ఒక వేలు ఆనించాను. కీబోర్డూ పెట్టే ఒక్క గొంతుతో లేచాయి. అయిదు నిమిషాలు గడిచినా విడిపోలేదు. రేడియో బావ తన సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. నేను మాత్రం ఆనందంతో ఏడ్చాను, అది సోల్డరు పొగ వల్ల అని చెప్పాను.

ఇలా నా జీవితం ఒక లయలో పడిందనుకుంటున్న రోజుల్లో నాగాయలంక నుంచి మా మావయ్య వచ్చాడు. మా అమ్మకి తమ్ముడు. పొలాల్లో చెరువులు తవ్వి రొయ్యలు పెంచే ఊపు అప్పుడే దివిసీమంతా పాకింది. మావయ్య తెలివిగా రొయ్యలు పెంచకుండా రొయ్యల మేత అమ్మే కొట్టు పెట్టాడు. ఆ మేత వాసన తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఎండుచేపల్ని పిండిచేసి, వానలో తడిపి, గోనెలో మరిచిపోతే వచ్చేది దానికి చిన్న చెల్లెలు. మావయ్య ఇంటికొచ్చి వెళ్ళాక మా అమ్మ కుర్చీ మీద దుప్పటి ఉతికేది. ఆ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోడానికి ఆయనకి నమ్మకమైన మనిషి కావాలి, సొంత మేనల్లుడి కంటే నమ్మకమైనవాడెవడు? మూడేళ్ళుగా అడుగుతున్నాడు. నేను మూడేళ్ళుగా ఏదో ఒక సాకు చెప్తున్నాను. నాకు ఆ వాసన ఒంటికి పట్టడం కంటే, ఒక్కసారి అలవాటైపోతుందేమోనన్న భయం ఎక్కువ.

ఆయనకి ఒక్కతే కూతురు, నాకు మరదలు. ఇక్కడ పాఠకులు ఒక చిన్న మాట నమ్మాలి: ఆ పిల్ల మీద నాకు ఏ ఊహా ఉండేది కాదు. చిన్నప్పటి నుంచీ ఇద్దరం కొట్టుకుంటూ పెరిగాం. ఒకసారి నా హార్మోనియం తిత్తిలో ఉప్పు పోసింది. ఆ పిల్లకీ నా మీద ఏ ఊహా లేదు. పెద్దవాళ్ళు మాత్రం ఏ శుభకార్యంలో మమ్మల్ని పక్కపక్కన చూసినా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. చివరికి గుడివాడ నుంచి మంచి సంబంధం వచ్చింది. మావయ్య ఆ సంగతి మా అమ్మకి చెప్తూ, నొచ్చుకోకక్కా, నీ కొడుక్కి స్థిరం ఉంటే బయటికి చూసేవాణ్ణి కాదు, పెట్టె వాయించుకునేవాడికి పిల్లనెలా ఇస్తాం, అన్నాడట. పిల్లనివ్వనందుకు నాకు బాధ లేదుగానీ, పెట్టెనన్నందుకు రోషం వచ్చింది.

ఆ రోషంలోనే తప్పు చేశాను. ఆ ఏడు మా మరదలి పెళ్ళి పెట్టుకున్న లగ్నానికే చుట్టుపక్కల ఊళ్ళలో లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు. మావయ్య మాట్లాడుకున్న సన్నాయి మేళం వాళ్ళు పెళ్ళి పది రోజులుందనగా రాలేమని కబురు పంపారు. ఇంకో మేళం దొరకలేదు. మావయ్య మా ఇంటి అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే, నేను లోపల్నుంచి వచ్చి, మేళం ఎందుకు మావయ్యా, నా దగ్గర అన్నీ ఉన్నాయి, సన్నాయి కీబోర్డులో ఉంది, డోలు పెట్టెలో ఉంది, అన్నాను. మావయ్య తల పట్టుకున్న చేతులు తీశాడు.

"సరేరా. నీ పెట్టె నా పిల్ల ముహూర్తానికి సరిగ్గా మోగితే, ఇక జన్మలో నిన్ను కొట్లోకి రమ్మనను. మోగకపోతే ఆ వచ్చే సోమవారం పొద్దున్నే వచ్చి గల్లా దగ్గర కూర్చోవాలి."

అమ్మ సాక్షిగా ఒప్పుకున్నాను.

పది రోజులూ పెట్టెకి గట్టిమేళం నేర్పడంతోనే సరిపోయింది. మామూలు మేళం సంగతి సరే, గట్టిమేళం అలా కాదు. వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టే ఆ ఒక్క క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ అశుభం మాటా పెళ్ళివాళ్ళ చెవిన పడకుండా చెవులు గింగురుమనేట్టు వాయించేది. పెట్టెలో డోలు లేదు. కాంగో అనే ఏదో విదేశీ వాద్యం గొంతుని బాగా కిందికి దించి డోలు చేశాను. తాళానికి మరేదో గంట దొరికింది. వేగం ఎంత పెట్టాలో తెలియక, ఇనగుదురుపేటలో ఉండే ఒక ముసలి డోలు విద్వాంసుడి దగ్గరికి వెళ్ళి అడిగాను. నూట అరవయ్యా, నూట డెబ్భయ్యా అని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మాకు అంకెలుండవు బాబూ. సిద్ధాంతి గారి చూపుడువేలు ఎంత గట్టిగా ఊగితే అంత" అన్నాడు. ఆ మాట విలువ అప్పుడు తెలియలేదు. ఇంటికొచ్చి నూట అరవై ఎనిమిది పెట్టాను. కనీసం నలభైసార్లు సాధన చేశాను. ప్రతిసారీ సింక్ స్టార్ట్ నొక్కి ఉంచి, సన్నాయి గొంతు మీద వేలు ఆనించగానే రెండూ కలిసి లేచేవి. నలభైకి నలభైసార్లూ తప్పలేదు.

పెళ్ళికి ముందురోజు కీబోర్డుని బస్సు పైన కట్టించి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, చల్లపల్లి మీదుగా, అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక చేరాను. దారిలో కుదుపు వచ్చినప్పుడల్లా పెట్టెని రెండు చేతుల్తో పైకెత్తేవాణ్ణి. పక్కన కూర్చున్న ముసలమ్మ, అందులో ఏమన్నా కోడిపిల్లలున్నాయా నాయనా, అని అడిగింది.

ముహూర్తం మర్నాడు పొద్దున పది దాటిన పద్దెనిమిది నిమిషాలకి. మావయ్య ఇంటి ముందు తాటాకు పందిరి. పెళ్ళిపీటలకి పక్కగా, పది అడుగుల దూరంలో నాకు ఒక బల్ల, పందిరి నాలుగు మూలలా అద్దె స్పీకర్లు. మగపెళ్ళివారు దిగినప్పుడు ఎదురుకోలుకి సన్నాయి వాయించాను. వేలు పెట్టగానే పెట్టె ఠంచనుగా అందుకుంది. ఒక్క తాళం తప్పలేదు. మావయ్య దూరం నుంచి తలాడించాడు. నేను గాల్లో తేలుతున్నాను. అప్పుడు పెళ్ళికొడుకు పెదనాన్న గారు, నశ్యం పీల్చి పీల్చి ముక్కుతోనే మాట్లాడే భారీ మనిషి, ఆ మేక ఎక్కడుందండీ, ఇందాకట్నుంచీ అరుస్తోంది, ఎవరన్నా తోలెయ్యండి, అన్నాడు. ఆయనన్నది నా కీబోర్డు సన్నాయిని. మావయ్య గబగబా నా దగ్గరికొచ్చాడు. డోలు బాగుందిరా, ఆ సన్నాయి మాత్రం ఇక వద్దు, ముహూర్తానికి ఉత్త డోలే కొట్టు, ఇటు చెయ్యి పెట్టకు, అన్నాడు. సరే అన్నాను. పొరపాటున కూడా ఎవరి చెయ్యీ తగలకుండా కీబోర్డు మీద తువ్వాలు కప్పేశాను. ఉత్త డోలే కదా, పెట్టె మీద ఒక్క బటన్ నొక్కితే సరిపోయె, ఇంకా సులువు అనుకున్నాను. ఇల్లరికపు అల్లుడి సంగతి నాకు గుర్తు రాలేదు.

లగ్నం దగ్గర పడింది. వధూవరుల మధ్య తెర పట్టారు. సిద్ధాంతి గారు ఎడమచేతి గడియారం చూస్తూ మంత్రం చదువుతున్నారు. పందిరంతా అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడింది. నా వేలు స్టార్ట్ బటన్ మీద సిద్ధంగా ఉంది. సిద్ధాంతి గారు చూపుడువేలు పైకెత్తి గాలిలో గిరగిరా తిప్పారు. నొక్కాను.

ఏమీ మోగలేదు. మళ్ళీ నొక్కాను. పెట్టె మీద చిన్న ఎర్రదీపం ఒకటి వెలుగుతూ ఆరుతూ, మీరెప్పుడంటే అప్పుడేనండీ అన్నట్టు నా వంక చూస్తోంది. సిద్ధాంతి గారి వేలు ఇంకా గట్టిగా ఊగింది. నేను స్టాప్ నొక్కాను, స్టార్ట్ నొక్కాను, చప్పట్ల బటన్ నొక్కాను, వాల్యూము చివరికంటా తిప్పాను, ప్లగ్గు కదిపాను, వరసగా ఉన్న బటన్లన్నీ పదివేళ్ళతో పిండిముద్ద నొక్కినట్టు నొక్కాను. అన్ని వందలమంది నిలబడ్డ పందిట్లో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. చెరువు గట్టు మీద మోటారు చప్పుడు కూడా వినిపించింది. జీలకర్రా బెల్లం తలల మీదికి చేరింది. సరిగ్గా అప్పుడు పెళ్ళికొడుకు పెదనాన్న గారు తుమ్మారు.

ఒక్క తుమ్ము. ఒంటి తుమ్ము ఎంత చెడ్డదో మనవాళ్ళకి చెప్పాలా? రెండోది వస్తే దోషం పోతుంది. పందిరంతా ఆయన ముక్కు వైపు తిరిగి రెండోదాని కోసం ఎదురుచూసింది. ఆయన కూడా పాపం నిజాయితీగా ప్రయత్నించాడు. మొహం ఎత్తాడు, పందిరి సందులోంచి సూర్యుణ్ణి చూశాడు, ఎవరో నశ్యం డబ్బా అందిస్తే పట్టు పట్టి పీల్చాడు. జీవితమంతా నశ్యం పీల్చిన ముక్కు, అది దేనికి చలిస్తుంది? రాలేదు. సిద్ధాంతి గారికి అంతకుముందెప్పుడూ కోపం వచ్చి ఎరగం.

"మోగించండయ్యా. ఏదో ఒకటి మోగించండి."

మొదట అర్థమైంది వంటవాళ్ళకి. పందిరి వెనక నుంచి ఒకడు గుండిగ మూత మీద ఇనప గరిటె వేశాడు. వెంటనే నలుగురూ అందుకున్నారు. పప్పు గుండిగ, పులుసు గుండిగ, బూరెల మూకుడు, ఏది దొరికితే అది. అక్షింతలు పడ్డాయి. నూట అరవై ఎనిమిది కాదుగానీ, ఏ అంకెకీ అందని వేగం అది. ఎంత గట్టిగా వాయించారంటే, ఆపమని చెప్పినా వాళ్ళకి వినిపించలేదు.

ఇక అక్కణ్ణుంచి నా బతుకు నా చేతిలో లేదు. పెట్టె ముందు దోషిలా నిలబడి ఉంటే, ఆడవాళ్ళ గుంపులోంచి మెల్లిగా ఒక మాట లేచింది. పాపం, మేనమరదలు కదా. ఇంకొకావిడ, ఎలా వాయిస్తాడమ్మా, చేతులు ఎలా వస్తాయి, అంది. మూడో ఆవిడ పైటకొంగు కళ్ళకి అద్దుకుంది. పది నిమిషాల్లో పందిరి ఈ కొస నుంచి ఆ కొసకి కథ తయారైపోయింది. పొద్దుట్నుంచీ బ్రహ్మాండంగా మోగిన మేళం, సరిగ్గా తెర దించే వేళకి ఎందుకు ఆగుతుంది? కుర్రాడు మనసు చంపుకోలేక ఆపేశాడు. నేను మావయ్య దగ్గరికి వెళ్ళి, అది ఎక్స్‌టర్నల్‌లో ఉండిపోయింది మావయ్యా, కీబోర్డు చెప్తే తప్ప లేవదు, అని వివరించబోయాను. (అప్పటికి కారణం తెలిసింది. తెలివి ఎప్పుడూ నాకు ఒక చరణం వెనకే వచ్చేది.) మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి, వద్దురా, ఏమీ చెప్పకు, అని మొహం తిప్పుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడ్డం నాకు అదే మొదలు. మంగళసూత్రధారణకి నన్నెవరూ అడగలేదు. వంటవాళ్ళే, సిద్ధాంతి గారి వేలు లేవక ముందే, గరిటెలు పుచ్చుకుని పీటల పక్కకి వచ్చి నిలబడ్డారు. పప్పు మాడిందని భోజనాల దగ్గర తెలిసింది. అందరూ ఆ మాడు కూడా నా వల్లేననే తిన్నారు, పల్లెత్తు మాట అనలేదు. మేనబావ దుఃఖానికి అంత విలువ ఇచ్చారు.

మధ్యాహ్నం అప్పగింతలు. అమ్మకి కూడా నా మీద జాలే. (కన్నతల్లికి కూడా నిజం చెప్పే సందు దొరకలేదు.) వెళ్ళిపోయేముందు ఒక్క మంచి రాగం వాయించరా, దాని మనసూ తేలికవుతుంది, నీ మనసూ తేలికవుతుంది, అంది. పరువు దక్కించుకోడానికి ఇదే ఆఖరి అవకాశం అనిపించింది. మా మరదలు వాళ్ళమ్మ మెడ పట్టుకుని ఏడుస్తోంది. మావయ్య అల్లుడి చేతిలో కూతురి చెయ్యి పెడుతున్నాడు. గుడివాడ వాళ్ళు కూడా ముక్కులు ఎగబీలుస్తున్నారు. నేను తువ్వాలు తీసి, వేణువు గొంతు పెట్టి, దుఃఖమంతా వేలి కొసకి తెచ్చుకుని, మొదటి మెట్టు మీద మెత్తగా ఆనించాను.

సింక్ స్టార్ట్ పొద్దుట్నుంచీ నొక్కి ఉన్నదే. పెట్టెలో గట్టిమేళం ఉన్నదే. వాల్యూము నేను చివరికంటా తిప్పినదే. ఇల్లరికపు అల్లుడికి ఇప్పుడు పిలుపు అందింది. నూట అరవై ఎనిమిది వేగంతో, డోలూ తాళమూ గంటా కలిసి, నాలుగు స్పీకర్లలోంచి ఒక్కసారి విరుచుకుపడ్డాయి. కారు ముందు కట్టిన పూలదండ అదిరింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు మధ్యలో ఆపి నన్ను చూశారు. నేను కంగారులో పెట్టె మీద స్టాప్ నొక్కాను. ఎక్స్‌టర్నల్ కదా, నా మాట వినలేదు. చివరికి వైరు పీకేదాకా వాయించింది. ఆ గోలలో నాకు ఒక్కటే గుర్తుంది, మా మరదలు ఏడుస్తూ ఏడుస్తూ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతా పందిరి మాత్రం కథని ఒక మెట్టు పైకి తీసుకెళ్ళింది. పొద్దున మనసు విరిగింది, మధ్యాహ్నానికి మతి చలించింది.

సోమవారం వచ్చింది. నేను ఒప్పుకున్నట్టే సంచిలో రెండు జతల బట్టలు సర్దుకుని, వాసనకి మనసు రాయి చేసుకుని, బస్టాండుకి బయల్దేరబోతుంటే మావయ్యే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, నేల చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు కొట్లోకి రావద్దురా. నిన్ను రోజూ చూస్తూ నేను కూర్చోలేను. నీ మనసులో అంత ఉందని తెలిస్తే..." అని ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టి, "నీకు ఏది ఇష్టమో అది చేసుకో. మళ్ళీ అడగను" అన్నాడు.

నా ముందు రెండు దారులున్నాయి. నోరు తెరిచి ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ అని నిజం చెప్తే, పందెం ప్రకారం గల్లా దగ్గర కూర్చోవాలి. నోరు మూసుకుంటే నా సంగీతం నాకు దక్కుతుంది. నేను తల వంచుకున్నాను. మనసు విరిగినవాడు ఎంత వంచుకుంటాడో సరిగ్గా అంతే వంచుకున్నాను. కావాలని తెచ్చుకున్న ఒక నిట్టూర్పు కూడా విడిచాను. మావయ్య నా తల నిమిరి వెళ్ళిపోయాడు. సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాను. సిగ్గేసింది. ఆ సిగ్గు రెండు రోజులుంది, మూడో రోజు గుడివాడలో ఒక పాటల కార్యక్రమానికి పిలుపొస్తే పోయింది.

ఆ తర్వాత నేను గొప్పవాణ్ణేమీ కాలేదు. గుడివాడలో ఒక చిన్న రికార్డింగు గది పెట్టాను. భక్తి పాటలూ, ఎన్నికల పాటలూ, పుట్టినరోజు పాటలూ చేస్తూ, సాయంత్రాలు పిల్లలకి కీబోర్డు నేర్పుతూ ఇల్లు గడుపుకొచ్చాను. ఇష్టమైన పని చేస్తూ తలలో ఉన్న జుట్టంతా రాల్చుకున్నాను. మా ఆవిడ మాత్రం పెళ్ళయిన కొత్తలో ఎవరో చెవిలో వేసిన కథని ఇప్పటికీ వదల్లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే, అవును మరి, నాగాయలంక చెయ్యి కాదుగా, అంటుంది.

ఈమధ్య బంధువుల ఇంట్లో ఒక ఓణీల ఫంక్షన్‌కి పామర్రు వెళ్ళాను. భోజనాలయ్యాక పక్క కుర్చీలో మా మరదలు వచ్చి కూర్చుంది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, నవ్వు మాత్రం హార్మోనియంలో ఉప్పు పోసిన నాటిదే. మావయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన మాట వచ్చింది. ఆయన చివరిదాకా నన్ను చూసి బాధపడేవాడని ఆమె అంటే, ఇక నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కరికైనా నిజం చెప్పాలనిపించింది. ఆ రోజు నేను ఆపలేదు, నీ మీద నాకు అలాంటిదేమీ, అని నసుగుతూ మొదలుపెట్టాను.

"నాకు తెలుసు బావా" అంది.

ఎలా తెలుసన్నాను.

"తెర నాకూ ఆయనకీ మధ్య పట్టారుగానీ, నీకూ నాకూ మధ్య పట్టలేదుగా. తల వంచుకుని ఓరగా నిన్నే చూస్తున్నాను. పది వేళ్ళతో అన్ని బటన్లూ నొక్కేస్తున్నావు. నీ చెవుల పక్కనుంచి చెమట కారిపోతోంది. ఆపేవాడు అంత కష్టపడడు బావా."

మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. అత్తారింట్లో కొత్తలో ఆ కథ పెట్టి ఆమెని ఎన్ని మాటలన్నారో నాకు మా అమ్మ ద్వారా తెలుసు. మీ బావ మేళం ఆపాడటగా అని ఆడబిడ్డలు ఏడాది పొడుగునా దెప్పారట.

"చెప్తే నాన్న నిన్ను సోమవారం తీసుకెళ్ళి మేత కొట్లో కూర్చోబెట్టేవాడు. ముందురోజు బస్సు దిగి ఆ పెట్టెని పసిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు గుండెకి హత్తుకుని వచ్చావు చూడు. అది చూశాక నాకు చెప్పబుద్ధి కాలేదు. నాలుగు మాటలు పడితే పడ్డాను, పోయిందేముంది" అని లేచి, చేతిసంచి సర్దుకుంటూ, "కానీ అప్పగింతల్లో మాత్రం చంపేశావు బావా" అని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని అచ్చం ఆ రోజులాగే నవ్వింది.

ఇంటికొచ్చి అటక మీంచి పెట్టె దించాను. ఇప్పుడు ఆ పనంతా సెల్‌ఫోనే చేస్తోంది, పెట్టెని ముట్టుకుని చాలా ఏళ్ళయింది. దుమ్ము తుడిచి ప్లగ్గు పెడితే, ఆశ్చర్యంగా ప్రాణం ఉంది. రేడియో బావ పెట్టిన ఎక్స్‌టర్నల్ అలాగే ఉంది. ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఎవరి పిలుపు కోసమో చూస్తోంది. ఆ జుట్టు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒక్క నిట్టూర్పుతో మావయ్యని బోల్తా కొట్టించి, నా దారి నేనే వేసుకున్నానని ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోయాడు వెర్రివాడు. మా ఆవిడ గుమ్మంలోంచి, ఏంటండీ అది, మళ్ళీ పాత ప్రేమా, అని అడిగింది. అవునన్నాను.